ఉద్యోగం పోతుందని ముందే అప్పు చేసి పెట్టుకుంటారా?

ప్రశ్న: నా వయసు 39. ప్రైవేటు కంపెనీలో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఇద్దరు పిల్లలు, ఇంట్లో సంపాదన నాదొక్కటే. బోనస్ వచ్చినప్పుడల్లా హోమ్ లోన్‌కే కట్టేశాను, అయినా ఇంకా సగం బాకీ ఉంది. చేతిలో ఉన్నది నెలన్నర ఖర్చుకు వస్తుంది. మా కంపెనీలో ఇప్పటికే రెండు విడతలుగా మనుషుల్ని తీసేశారు, మూడోది ఉంటుందంటున్నారు. జీతం స్లిప్ ఉండగానే ఆరు నెలల ఖర్చుకు సరిపడా పర్సనల్ లోన్ తీసుకుని, సగం దగ్గర ఉంచుకుని, షేర్లు బాగా పడ్డాయి కాబట్టి మిగతా సగం వాటిలో పెడదామనుకుంటున్నాను. ఇంట్లో ఇంకా ఏమీ చెప్పలేదు.

జవాబు: వద్దండీ. దరఖాస్తు సగం నింపి ఉంటే అక్కడితో ఆపేయండి. మార్కెట్లో ఉద్యోగాలు ఊగిసలాడిన ప్రతిసారీ ఇదే ఆలోచనతో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, పోయాక ఎవరూ అప్పివ్వరు కదా, ఇప్పుడే తీసి పెట్టుకుందామని. పోయాక ఇవ్వరన్న మాట నిజమే. కానీ అత్యవసర నిధికి వాయిదాలు ఉండవు, అప్పుకు ఉంటాయి, అవీ వచ్చే నెల నుంచే మొదలవుతాయి.

కాగితం మీద వేసి చూడండి. హోమ్ లోన్ ఈఎంఐతో కలిపి మీ నెల ఖర్చు 100 అనుకుందాం. ఆరు నెలలకని 600 అప్పు తెచ్చారు. 15 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు అయితే నెలకు దాదాపు 21 కట్టాలి. అంటే జీతం ఆగిన రోజు నుంచి మీ ఖర్చు 100 కాదు, 121. ఆ 600 ఐదు నెలలు కూడా రాదు. మీరేమో అందులో సగం షేర్లలో పెడతానంటున్నారు, మిగిలిన 300 రెండున్నర నెలల్లో అయిపోతుంది, వాయిదాలు మాత్రం ఇంకా ముప్పైకి పైగా మిగిలే ఉంటాయి. ఉద్యోగం ఉండగా భారంగా ఉన్న ఇంటి మీద, ఉద్యోగం లేనప్పుడు ఇంకో ఈఎంఐ ఎక్కించడం ఏ లెక్కన జాగ్రత్త అవుతుంది?

షేర్లు పడ్డాయంటే చవగ్గా దొరుకుతున్నాయన్నది ఒక్కటే చూస్తున్నారు. 2008 సంక్షోభం గుర్తు చేసుకోండి. అమెరికా షేర్ మార్కెట్ 2007 అక్టోబరు నుంచి 2009 మార్చి దాకా సగానికి పైగా పడి, ఆ మార్చి నుంచి లేవడం మొదలుపెట్టింది, కానీ అక్కడ నిరుద్యోగం 10 శాతానికి చేరింది 2009 అక్టోబరులో. మార్కెట్ తేరుకున్నాక కూడా నెలల తరబడి ఉద్యోగాలు పోతూనే ఉన్నాయన్నమాట. షేర్లు లేచేదాకా ఆగే ఓపిక జీతం వచ్చేవాడికి ఉంటుంది. మీ వాయిదా తేదీ ఆగదు, పడిన ధరకే అమ్మి కట్టాల్సి వస్తుంది.

ఇంకో మాట, 2010 ఏప్రిల్ నాటికి అదే దేశంలో పని లేనివాళ్లలో 45 శాతం మంది ఆరు నెలలు దాటి ఖాళీగా ఉన్నవాళ్లే. అందుకే ఒక్కరి సంపాదన మీద నడిచే ఇంటికి మూడు నెలల నిధి చాలదని నేను మొత్తుకునేది. మీకు తొమ్మిది నెలలు కావాలి. ఇప్పుడు నెలన్నర ఉంది. మీ అసలు సమస్య ఇదీ, లోన్ దొరకడం కాదు. హోమ్ లోన్ త్వరగా తీర్చాలన్న తపన మంచిదే, వడ్డీ కలిసొచ్చింది కూడా, కానీ రేపు ఈఎంఐ తప్పితే, మీరు ముందే కట్టిన బోనస్‌లు చూసి బ్యాంకు ఊరుకోదు. నిధి నిండేదాకా ఇక అదనంగా ఒక్క వాయిదా కూడా కట్టొద్దు.

నిధి ఎక్కడి నుంచి వస్తుందంటారా? ముందు ఇంట్లో చెప్పండి. ఈ రాత్రే చెప్పండి, ఎందుకంటే ఖర్చు తగ్గించాల్సింది మీరొక్కరే కాదు. ఇద్దరూ కూర్చుని, జీతం లేకపోయినా తప్పని ఖర్చులు విడిగా రాయండి: ఈఎంఐ, తిండి, కరెంటు, ఫీజులు, మందులు. చాలా ఇళ్లలో వాడకుండా కడుతున్న సబ్‌స్క్రిప్షన్లు, ఫోన్ వాయిదాలు ఈ కాగితం రాస్తుంటేనే బయటపడతాయి. మీ 100 కాస్తా 70కి దిగిందనుకోండి, చేతిలో ఉన్న 150 నెలన్నర కాక రెండు నెలలు దాటి వస్తుంది, పైసా కొత్తగా రాకుండానే. మిగిలే 30ని జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి పంపేయండి, నెలాఖరున మిగిలింది దాచుదామంటే ఏదీ మిగలదు. కొత్త పెట్టుబడులన్నీ కొన్నాళ్లు ఆపండి. ఒకవేళ తీసేస్తే చేతికొచ్చే పరిహారం, వాడని సెలవుల డబ్బు కూడా ఆ ఖాతాలోకే వెళ్లాలి. రాజీనామా రాసివ్వమని ఒత్తిడి చేస్తే, పరిహారం ఎంతో కాగితం మీద చూడకుండా సంతకం పెట్టకండి.

హోమ్ లోన్ గడువు పెంచి ఈఎంఐ తగ్గించమని బ్యాంకును అడగాలంటే జీతం ఉండగానే అడగాలి. ఆఫీసు ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే పోవచ్చు, సొంత పాలసీ ఇప్పుడే చూసుకోండి. క్రెడిట్ కార్డు మీద నగదు తీసే ఆలోచన వస్తే కార్డు బీరువాలో పెట్టి తాళం వేయండి, నెలకు 3 శాతం అంటే చిన్నగా వినిపిస్తుంది కానీ చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది.

ఉద్యోగ వేట మూడో విడత దాకా ఆగకూడదు. తీసేసిన రోజున ఒకేసారి వందల మంది అవే ఖాళీలకు అప్లై చేస్తారు, మీరు ఈ వారమే రెజ్యూమె పంపండి. వెబ్‌సైట్లలో అప్లై చేస్తూనే, ముందే వెళ్లిపోయి వేరేచోట కుదురుకున్న పాత సహోద్యోగులకు ఫోన్ చేయండి, మొహమాటపడకండి. ఉద్యోగం ఇప్పిస్తామని ముందు డబ్బు అడిగేవాళ్లతో మాట్లాడకండి. పాత జీతం కంటే తక్కువైనా ఆ 70కి పైన ఇచ్చే ఆఫర్ ఏదైనా వస్తే, పేరు బాగోలేదనో హోదా తగ్గిందనో వెంటనే కాదనకండి. చేరి, వెతుకుతూనే ఉండండి.