బెంగళూరు కాంట్రాక్టు కోసం ఎఫ్‌డీలు తీసే ముందు

ప్రశ్న: మాది శ్రీకాకుళం, నా వయసు 36. చిన్న ఆసుపత్రులకీ ల్యాబులకీ బిల్లింగ్, రిపోర్టుల సాఫ్ట్‌వేర్‌ని క్లౌడ్‌లో నడుపుతున్నాను. ఇచ్ఛాపురం నుంచి బొబ్బిలి దాకా 31 మంది కస్టమర్లున్నారు. నిరుడు రూ.17 లక్షలు వచ్చాయి. వ్యాపారమంతా నా పేరు మీదే, కంపెనీ పెట్టలేదు. మొదటి కోడ్‌ని విజయనగరం కుర్రాడొకరు రూ.1.8 లక్షలు తీసుకుని రాసిచ్చాడు. ఇప్పుడు బెంగళూరు ఆసుపత్రుల గ్రూపొకటి ఏడాదికి రూ.24 లక్షలు, జీఎస్టీ అదనం, మూడేళ్ల కాంట్రాక్టు ఇస్తామంటోంది. మూడు నెలల పని అయ్యాక బిల్లు, ఆపైన 60 రోజుల్లో చెల్లింపు. నష్టం ఎంతొచ్చినా బాధ్యత నాదేనట, సాఫ్ట్‌వేర్ హక్కులు వాళ్లవేనట, తగాదా వస్తే బెంగళూరులో ఆర్బిట్రేషనట, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పు. ఇద్దరిని రూ.35 వేల చొప్పున పెట్టుకోవాలి, క్లౌడ్ బిల్లు నెలకి మరో రూ.25 వేలు పెరుగుతుంది. రూ.14 లక్షల ఎఫ్‌డీలున్నాయి. ఇల్లు నా పేరు మీదే ఉంది. మావారు ప్రభుత్వ ఉపాధ్యాయులు. ఎఫ్‌డీలన్నీ తీసి ఇందులో పెట్టొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: అన్నీ తీయకండి. ఎంత తీయాలన్నది ఆ అగ్రిమెంటులో మీరు ఏమేం మార్పించగలరన్న దాన్ని బట్టి తేలుతుంది. ఇప్పుడున్న రాత మీద సంతకం చేస్తే మీరు పందెం కాసేది రూ.14 లక్షలు కాదు, ఇల్లూ నగలూ కూడా.

మొదట చేతి డబ్బు లెక్క. కొత్త ఖర్చు నెలకి రూ.95 వేలు. పని ఏప్రిల్ 1న మొదలైందనుకుందాం. జూన్ 30న రూ.6 లక్షలకి బిల్లు వేస్తారు, దాని మీద జీఎస్టీ రూ.1.08 లక్షలు. ఆ పన్ను జూలై 20లోగా మీరు కట్టేయాలి. ఆసుపత్రి డబ్బు మాత్రం ఆగస్టు నెలాఖరుకి వస్తుంది. అంటే అయిదు నెలల ఖర్చు రూ.4.75 లక్షలు, పన్ను రూ.1.08 లక్షలు, మొత్తం రూ.5.83 లక్షలు మీ జేబులోంచే. ఇప్పుడు ఒక్క క్లాజు మార్పించండి: బిల్లు త్రైమాసికం మొదట్లోనే, చెల్లింపు 45 రోజుల్లో. ఏప్రిల్ 1న బిల్లు, మే 16కి డబ్బు, మే 20న జీఎస్టీ. మీరు భరించాల్సింది నెలన్నర ఖర్చు, రూ.1.43 లక్షలే. ఆ ఒక్క వాక్యం ఖరీదు రూ.4.40 లక్షలన్నమాట. ధర తగ్గించమని వాళ్లు బేరమాడితే, ధరలో కాస్త వదులుకుని అయినా దీన్ని పట్టండి.

ఆ 45 రోజులు నోటి లెక్క కాదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకి ఇవ్వాల్సిన సొమ్ముకి, రాతపూర్వక ఒప్పందం ఉన్నా, గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. పైగా గడువు దాటించిన సొమ్మును, అది చెల్లించే ఏడాది వరకూ, కొనుగోలుదారు ఆదాయ పన్నులో ఖర్చుగా చూపుకోలేడు. మార్చి దగ్గరపడ్డాక వాళ్ల అకౌంట్స్ విభాగానికి గుర్తొచ్చేది వడ్డీ కన్నా ఇదే. దీనికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వ నమోదు కావాలి. పోర్టల్లో ఉచితం, ఏజెంటుకి పైసా ఇవ్వనక్కర్లేదు. సంతకానికి ముందే చేయించండి, పని మొదలయ్యాక తీసుకుంటే పాత బిల్లులకి వర్తించదు. బాకీ తగాదాకి రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్లొచ్చు. ఆర్బిట్రేషన్ ఒప్పందం ఉన్నా ఈ చట్టానిదే పైచేయి అని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. సరఫరాదారు ఉన్న చోటి కౌన్సిల్‌కి అధికారం ఉంటుంది కాబట్టి, బాకీ వరకూ మీరు ఆమదాలవలసలో రైలెక్కి బెంగళూరు పరుగెత్తక్కర్లేదు, వాళ్లే ఇక్కడ జవాబు చెప్పుకోవాలి. మిగతా తగాదాలకి మాత్రం ఆర్బిట్రేషన్ విశాఖపట్నంలోననో ఆన్‌లైన్‌లోననో రాయించండి.

టీడీఎస్, అంటే మీకిచ్చే డబ్బులోంచి వాళ్లు ముందే కోసే ఆదాయ పన్ను, దాని సంగతి కూడా ముందే మెయిల్లో ఖరారు చేసుకోండి. వృత్తి సేవ అని 10 శాతం కోస్తే ఏడాదికి రూ.2.40 లక్షలు రిఫండు దాకా ఇరుక్కుంటాయి. సాంకేతిక సేవ అని 2 శాతం కోస్తే రూ.48 వేలే. బిల్లులో జీఎస్టీని విడిగా చూపితే కోత దాన్ని కలపకుండానే పడుతుంది.

ఇక మీరు అడగని ఖర్చొకటి ఉంది. సేవలకి జీఎస్టీ హద్దు ఏడాదికి రూ.20 లక్షలు. ఈ కాంట్రాక్టుతో అది దాటిపోతారు. దాటాక 30 రోజుల్లో రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, అప్పట్నుంచి మీ 31 మంది పాత కస్టమర్లకి కూడా 18 శాతం వేయాలి. వైద్య సేవకి జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి ఆసుపత్రులూ ల్యాబులూ మీరు వేసిన పన్నుని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి తీసుకోలేవు. వాళ్లకది శుద్ధ ఖర్చు. టెక్కలి ల్యాబు యజమాని 'పాత రేటుకే ఇవ్వమ్మా' అంటాడు. అలా పన్ను మీరే మింగితే రూ.17 లక్షల్లో మీకు మిగిలేది రూ.14.41 లక్షలు, అంటే రూ.2.59 లక్షలు పోయినట్టు. బెంగళూరు లాభంలోంచి దీన్ని ముందే తీసేసి చూడండి. క్లౌడ్ బిల్లు భారతీయ కంపెనీ పేరున జీఎస్టీతో వస్తుంటే ఆ పన్ను మీకు క్రెడిట్ అవుతుంది, మీ జీఎస్టీ నంబరుని ఆ ఖాతాలో నమోదు చేస్తేనే. విదేశీ కంపెనీ డాలర్ల బిల్లు పన్ను లేకుండా వస్తే రివర్స్ ఛార్జి కింద 18 శాతం మీరే నగదుగా కట్టి, తర్వాత క్రెడిట్ తీసుకోవాలి.

ఇప్పుడు అసలు ప్రమాదం. సొంత పేరుతో వ్యాపారం చేస్తే చట్టం దృష్టిలో మీరూ వ్యాపారమూ ఒకటే. ఈ కాంట్రాక్టుని మీ పేరు మీద తీసుకోకండి, కంపెనీ పెట్టండి. చాలామంది ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) చవక అంటారు. రాబడి రూ.40 లక్షలు, మూలధనం రూ.25 లక్షలు దాటనంత వరకు దానికి ఆడిట్ అక్కర్లేదన్నది నిజమే. మీకు 17, 24 కలిపి 41 అవుతోంది, ఆ ఆదా మొదటి ఏడే పోతుంది. పైగా ఎల్‌ఎల్‌పీకి ఇద్దరు భాగస్వాములు కావాలి. మీవారు ప్రభుత్వోద్యోగి, ప్రవర్తన నియమావళి ప్రకారం వ్యాపారంలో దిగకూడదు, ఆయన పేరు కాగితం మీద కూడా పెట్టకండి. మీకు తగినది ఏకవ్యక్తి కంపెనీ, ఓపీసీ. ఒక్కరే సభ్యులు, ఒక నామినీ ఉంటే సరి. ఏటా ఆడిట్ తప్పదు. రిటర్నులు ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకి రూ.100 చొప్పున పెరుగుతూ పోతుంది, మర్చిపోయిన రెండు ఫారాలు ఏడాదిలో రూ.73 వేలవుతాయి. కంపెనీ పెట్టినంత మాత్రాన అన్నిటికీ గొడుగు పట్టినట్టు కాదు: కంపెనీ జీఎస్టీ బకాయి వసూలు కాకపోతే, తన నిర్లక్ష్యం లేదని రుజువు చేసుకోలేని డైరెక్టరు మీదికి వస్తుంది. ఆసుపత్రి వాళ్లు 'వ్యక్తిగత హామీ' పెట్టమన్నారా, ఇంత శ్రమా వృథా. ఒప్పుకోకండి.

'పాత కస్టమర్లని సొంత పేరు మీదే ఉంచి, బెంగళూరుది కంపెనీకి పెడితే జీఎస్టీ తప్పుతుంది కదా' అని ఎవరో ఒకరు చెబుతారు. సాఫ్ట్‌వేర్ ఒకటే, మనుషులూ ఒకరే, ఎవరిది ఏదో తేల్చలేని చిక్కు మిగులుతుంది. 31 చోట్ల ఉన్న రోగుల వివరాల బాధ్యత మీ నెత్తిమీదే ఉండిపోతుంది. వద్దు.

బాధ్యత క్లాజులో మీరు అడగాల్సింది పరిమితి. మొత్తం బాధ్యత, కారణమేదైనా, గడిచిన 12 నెలల్లో అందిన ఫీజుకి మించకూడదు, అంటే రూ.24 లక్షలు. సమాచార చౌర్యానికి మాత్రం దానికి రెండింతలు అంటే ఒప్పుకోవచ్చు, ఆ రూ.48 లక్షలకి బీమా ఉంటేనే. పరోక్ష నష్టాలు, పోయిన లాభాలు మినహాయించాలి. ఈ పట్టుదల ఎందుకంటే, మీ కిందనున్న క్లౌడ్ కంపెనీ అగ్రిమెంటు చదవండి: సర్వర్లు పడిపోతే వాళ్లిచ్చేది మీ బిల్లులో కొంత శాతం క్రెడిట్. ఆసుపత్రి మిమ్మల్ని లక్షలు అడుగుతుంటే మీ చేతికొచ్చేది కొన్ని వేలు. మధ్యలో ఉన్న గొయ్యి మీదే.

సాఫ్ట్‌వేర్ ఆగకుండా నడుస్తుందన్న హామీ కూడా అగ్రిమెంటులో అడగొచ్చు. 99.9 శాతం అందుబాటు అంటే 30 రోజుల నెలలో 43 నిమిషాలు మాత్రమే ఆగొచ్చు. ఒక డేటాబేస్ మార్పు పాడైతే ఆ 43 నిమిషాలూ ఒక్క రాత్రికే సరి. 99.5 శాతం అయితే 3 గంటల 36 నిమిషాలు, మీలాంటి చిన్న జట్టుకి అదే ఒప్పుకోదగ్గది. ముందే చెప్పి చేసే మరమ్మతు సమయం లెక్కలోకి రాకూడదు. జరిమానా నెల ఫీజులో 10 శాతం దాటకూడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటుకి ఈ జిల్లా పడ్డ పాట్లు మీకు తెలియనివి కావు. సర్వరు ముంబయిలో ఉన్నా ఫోనెత్తేవాళ్లు శ్రీకాకుళంలోనే ఉంటారు. తుపాను, కరెంటు, ఇంటర్నెట్ అంతరాయాలని మినహాయింపుల్లో పేరుపేరునా రాయించండి.

రోగుల సమాచారం విషయంలో 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రధాన బాధ్యతని ఆసుపత్రి మీద పెట్టింది, మీరు దాని తరఫున సమాచారాన్ని నిర్వహించేవారు. భద్రత లోపానికి జరిమానా రూ.250 కోట్ల దాకా. 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి, ముఖ్య బాధ్యతలు ఆపై 18 నెలలకి అమల్లోకి వస్తాయి. చట్టం ఆసుపత్రి మీద వేసిన జరిమానాని అగ్రిమెంటు మీ మీదికి తోస్తుంది, 'పూర్తి బాధ్యత' అన్న మాటకి అసలు అర్థం అదీ. ఇప్పటికే అమల్లో ఉన్నది కేంద్ర సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశం: సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో తెలపాలి, లాగ్‌లు (సిస్టంలో ఎప్పుడేం జరిగిందన్న నమోదులు) 180 రోజులు ఉంచాలి. కొత్త నిబంధనలు లాగ్‌లని కనీసం ఏడాది అంటున్నాయి, ఇప్పుడే ఏడాదికి పెట్టేయండి. సాధారణంగా కొంప ముంచేవి మూడు: రిపోర్టుల స్టోరేజీ లింకు తెలిసిన ఎవరికైనా తెరుచుకోవడం, క్లౌడ్ తాళాలని కోడ్‌లోనే రాసి పెట్టడం, బ్యాకప్ కూడా అదే ఖాతాలో ఉండటం. చివరిదాంట్లో ఆ ఖాతా ఎవరి చేతిలో పడితే అసలూ నకలూ రెండూ పోతాయి.

బీమా రెండు రకాలు కలిపి అడగండి, వృత్తి బాధ్యత, సైబర్. ఇవి పొరపాటు జరిగిన రోజుని కాక క్లెయిము వచ్చిన రోజుని చూస్తాయి, కాబట్టి ప్రాజెక్టు ముగిశాక కూడా పాలసీ నడుస్తూ ఉండాలి. ఏ తేదీ తర్వాతి పొరపాట్లకి పాలసీ వర్తిస్తుందో, ఆ వెనుక తేదీ ఎప్పటినుంచో చూడండి. ఒప్పందంలో మీరు అదనంగా నెత్తినేసుకున్న బాధ్యతని చాలా పాలసీలు మినహాయిస్తాయి. పరిమితి లేని క్లాజు మీద సంతకం పెట్టి బీమా ఉందని నిద్రపోవడానికి లేదు.

'హక్కులు వాళ్లవే' అన్న క్లాజుని కొట్టేయించాలి. అది ఉంటే 31 మంది కస్టమర్లకి మీరు అమ్ముతున్నది బెంగళూరు వాళ్ల సొత్తవుతుంది. వాడుకునే లైసెన్సు ఇవ్వండి, వాళ్లకోసమే ప్రత్యేకంగా చేసిన రిపోర్టు ఫార్మాట్ల హక్కు కావాలంటే ఇవ్వండి, మూల కోడ్ కాదు.

డబ్బుకి వద్దాం. క్లాజులు మారితే కంపెనీకి రూ.5 లక్షలు చాలు: నడిపే ఖర్చుకి లక్షన్నర, లాయరు, ఆడిటరు, బీమాలకి లక్షన్నర, చెల్లింపు కొంత ఆలస్యమైతే తట్టుకోవడానికి రూ.2 లక్షలు. మిగతా రూ.9 లక్షలు ఇంటివి. ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్టు తీసి కంపెనీకి అప్పిద్దామనుకోకండి. డైరెక్టరు కంపెనీకిచ్చే అప్పు, తాను మరొకరి దగ్గర తెచ్చినది కాదని రాసివ్వాలి. అందుకని ఒక ఎఫ్‌డీని తీసేసి, ఆ రాతతో అప్పుగా ఇవ్వండి, తర్వాత పన్ను లేకుండా అసలు వెనక్కి తీసుకోవచ్చు. 60 రోజులూ పరిమితి లేని బాధ్యతా అలాగే ఉంచుతామంటే రూ.24 లక్షలైనా ఈ కాంట్రాక్టు వదిలేయండి.

వీటన్నిటికన్నా ముందు ఈ వారమే విజయనగరం వెళ్లి రండి. జీతానికున్న ఉద్యోగి రాసిన కోడ్ యజమానిదవుతుంది, బయటి మనిషి రాసింది, డబ్బిచ్చినా, రాతపూర్వకంగా బదిలీ చేసేదాకా అతనిదే. కాపీరైట్ చట్టం 19వ సెక్షను ప్రకారం ఆ పత్రంలో కాలం రాయకపోతే అయిదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశమే, ఏడాదిలో వాడకపోతే రద్దు. కాబట్టి 'కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటా, వాడకపోయినా రద్దు కాదు' అని మూడూ రాయించి సంతకం తీసుకోండి. తర్వాత మీ నుంచి కంపెనీకి అలాంటిదే మరో పత్రం. అతను వాడిన ఓపెన్ సోర్స్ లైబ్రరీల (ఇతరులు రాసి అందరికీ తెరిచి ఉంచిన రెడీమేడ్ కోడ్) జాబితా కూడా అడగండి, అందులో ఏజీపీఎల్ లైసెన్సుది ఉంటే మార్చాలి, క్లౌడ్‌లో నడిపినా మీ కోడ్ బయటపెట్టమనే లైసెన్సు అది. సంతకానికి రూ.50 వేలు అడిగినా ఇచ్చేయండి. బెంగళూరు కబురు అతని చెవిన పడ్డాక ఆ అంకె అక్కడ ఆగదు.