అలెర్జీ వస్తే రోగనిరోధక శక్తి తగ్గినట్టా?

సందేహం: దుమ్ముకు తుమ్ములు, ఆయాసం వచ్చేవారి గురించి ‘రోగనిరోధక శక్తి తగ్గడం వల్ల అలెర్జీ వచ్చింది’ అని రాస్తుంటారు. ఈ వాక్యం సరైనదేనా?

సమాధానం: వ్యాకరణపరంగా వంక పెట్టడానికి లేదు. విషయం మాత్రం తలకిందులైంది. చదివినవారు శక్తి పెంచే టానిక్కుల కోసం వెతుకుతారు కాబట్టి దీన్ని చిన్న పొరపాటుగా తీసుకోలేను.

అసలు జరిగేది చూడండి. దుమ్ములో ఉండే డస్ట్ మైట్ల (కంటికి కనిపించనంత చిన్న పురుగుల) రేణువులు శ్వాసనాళాల లోపలి పొరకు తగిలినప్పుడు అక్కడి కణాలు టీఎస్‌ఎల్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-33 వంటి ప్రోటీన్లను వదులుతాయి. ఇవి సైటోకైన్లు, అంటే కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేతాలు. వీటిని అందుకున్న రోగనిరోధక కణాలు మరికొన్ని సైటోకైన్లను పుట్టిస్తాయి. వాటిలో ఇంటర్‌ల్యూకిన్-4 ప్రేరణతో బి కణాలు ఐజీఈ అనే యాంటీబాడీని తయారుచేస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-5 ఇసినోఫిల్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలను పెంచుతుంది. ఇంటర్‌ల్యూకిన్-13 వల్ల కఫం ఎక్కువై, నాళాలు చిన్న కారణానికే బిగుసుకుపోతాయి. ఐజీఈ మాస్ట్ కణాలనే మరో రకం రోగనిరోధక కణాలకు అతుక్కుని ఉంటుంది. మళ్లీ అదే దుమ్ము తగిలితే ఆ కణాలు నిమిషాల్లో హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. తుమ్ములు, ముక్కు కారడం, పిల్లికూతలు అన్నీ అప్పుడే మొదలవుతాయి.

ఇందులో శక్తి తగ్గింది ఎక్కడ? హాని చేయని దాన్ని శత్రువనుకుని శరీరం ఇంత హడావుడి చేసింది. మందులు కూడా ఇదే చెబుతాయి. అమెరికాలో 2003లో అనుమతి పొందిన ఒమాలిజుమాబ్ ఐజీఈని అడ్డుకుంటుంది. తీవ్రమైన ఆస్తమాకు 2021లో వచ్చిన టెజెపెలుమాబ్ టీఎస్‌ఎల్‌పీని అడ్డుకుంటుంది. రెండూ ఆపేవే, పెంచేవి కావు. 1906లో వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే అలెర్జీ అన్న పేరు పెట్టినప్పుడు కూడా ‘మారిన స్పందన’ అనే అర్థంలోనే పెట్టాడు.

చిక్కంతా ‘శక్తి’ దగ్గర ఉందనిపిస్తుంది. ఆ మాట రాయగానే పెరిగింది, తగ్గింది అనే క్రియలే చేతికి వస్తాయి. ‘వ్యవస్థ’ అని రాస్తే పొరబడింది, అతిగా స్పందించింది అనడానికి వీలుంటుంది. అందుకే ‘రోగనిరోధక వ్యవస్థ పొరబడి అతిగా స్పందించడం వల్ల అలెర్జీ వచ్చింది’ అని రాయండి. కీమోథెరపీ తర్వాత తెల్ల రక్తకణాలు పడిపోయి ఇన్ఫెక్షన్ సోకినప్పుడు ‘రోగనిరోధక శక్తి తగ్గింది’ అని నిక్షేపంగా రాయవచ్చు.