కుర్చీ రాసే ముందు వాడు తినేటప్పుడు చూడు

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఉదయగిరి వైపు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పెట్టిన భవిత సెంటర్లలో నీకు ఫిజియోథెరపీ పని ఖాయమైందంట, వచ్చే నెల క్యాంపులో, వికలాంగుల పరికరాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలిమ్కో వాళ్లతో కలిసి ఏ పిల్లలకి సీపీ చైర్ (సెరిబ్రల్ పాల్సీ ఉండి సొంతంగా కూర్చోలేని పిల్లల్ని ఆనించి కూర్చోబెట్టే కుర్చీ) రాయాలో చూసేది కూడా నువ్వేనంట. మీ అమ్మ ఒకటే సంబరం. నాకూ సంబరమే, కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. పెద్దమ్మ మళ్లీ క్లాసు మొదలుపెట్టింది అనుకుంటావు, అనుకో.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తా. వికలాంగులకి పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకం కింద కుర్చీ రావాలంటే 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండాలి, మన రాష్ట్రం ఇచ్చే సదరం సర్టిఫికెట్టో, కేంద్రం ఇచ్చే యూడీఐడీ వైకల్య గుర్తింపు కార్డో. తల్లిదండ్రుల నెల ఆదాయం 22,500 రూపాయల లోపైతే పూర్తి ఉచితం, అది దాటి 30,000 వరకు సగం. అదే వస్తువు గత 3 ఏళ్లలో తీసుకుని ఉండకూడదు, 12 ఏళ్ల లోపు పిల్లలకైతే ఆ గడువు ఒక్క ఏడాదే. ఈ చివరి ముక్క గట్టిగా గుర్తుపెట్టుకో, ఎందుకంటే 'పోయినసారి ఇచ్చాం కదమ్మా' అని తల్లుల్ని తిప్పి పంపేవాళ్లుంటారు, ఎదిగే పిల్లకి పాత కుర్చీ ఎన్నాళ్లు సరిపోద్ది? కుర్చీ తీసుకుంటే పింఛను ఆగిపోద్దేమోనని భయపడేవాళ్లూ ఉంటారు. రెండూ వేరని వాళ్లు అడక్కముందే చెప్పు. తాతలూ అవ్వలూ కూడా క్యూలో నిలబడతారు. వాళ్లని కసరబాకు. పేద కుటుంబాల్లో 60 దాటినవాళ్లకి పరికరాలిచ్చే వయోశ్రీ పథకం వేరే ఉంది, అది 2017లో మొదలైంది మన నెల్లూరులోనే.

శాతం చూసి మాత్రం కుర్చీ రాయబాకు. 40 అనేది గేటు దాటడానికి టికెట్టు, అంతే. సర్టిఫికెట్‌లో 90 ఉన్న పిల్లాడు నీ ముందే ఎగురుకుంటా పోవచ్చు. అంతకంటే చాలా తక్కువున్న పాప, పట్టుకోకపోతే పక్కకి ఒరిగిపోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మకి కూడా సగమే చెప్పాను.

పదిహేనేళ్ల కిందట, బడి ఆవరణలో షామియానా వేసి క్యాంపు. పొద్దున తొమ్మిదికల్లా పిల్లలు వరస కట్టారు. మధ్యాహ్నానికి నాకు తల తిరిగిపోతోంది, ఫారాలు మాత్రం ఇంకా సగం మిగిలున్నాయి. ఏడేళ్ల పిల్లాడిని బెంచీ మీద కూర్చోబెట్టారు. నవ్వుతున్నాడు, నా మెడలో స్టెతస్కోపు అందుకోవాలని చూస్తున్నాడు. పది నిమిషాలు నిటారుగా కూర్చున్నాడు. 'కూర్చోగలడు, ప్రత్యేక కుర్చీ అవసరం లేదు' అని రాసి సంతకం పెట్టేశా. వాడి వెనకాల నానమ్మ నిలబడి ఉంది, ఆమె మోకాలు వాడి నడుముకి ఆనించి ఉంది. అది నా కంటికి కనపడింది బుజ్జమ్మా. బుర్రకి ఎక్కలేదు.

ఐదు నెలల తర్వాత అదే వీధిలో ఇంకో పాపని చూడటానికి పోయా. వసారాలో నులక మంచం మీద వాడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తల్లి మోకాళ్ల మీద కూర్చుని, వాడి గడ్డం పైకెత్తి, గ్లాసుతో రాగి జావ నోట్లో పోస్తోంది. రెండు గుక్కలు దిగాయి. మూడో గుక్కకి వాడి కళ్లలో నీళ్లు, ముఖం ఎర్రగా అయిపోయింది, దగ్గు ఆగలేదు. తల్లి వాణ్ణి బోర్లా తిప్పి వీపు తడుతూ, 'వీడెప్పుడూ ఇట్నే మేడం' అని నవ్వింది. అప్పటికే రెండుసార్లు నిమ్ము చేసి ఆసుపత్రిలో ఉంచారంట. వెల్లకిలా పడుకోబెట్టి పోసేది ఊపిరితిత్తుల్లోకి జారుతుందని ఆమెకి ఎవరు చెప్పారు? చెప్పాల్సింది నేను, నేను సంతకం పెట్టి ఇంటికి పంపా.

మళ్లీ రాశాం. చేతికొచ్చేసరికి ఇంకో ఎనిమిది నెలలు. ఆలోపు వాడి నడుము ఒక పక్కకి వంగింది, తుంటి బిగుసుకుంది. కుర్చీలో పాత చీరలు చుట్టలు చుట్టి పక్కన దోపి కూర్చోబెట్టా. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

అందుకే క్యాంపులో అందరికీ చివరి మాట రాసేయబాకు. అనుమానం ఉన్న ప్రతి పిల్లాడి ఇంటికీ, తిండి వేళకి పో. దూరం, ఎండ, బస్సు లేదు అంటావు. మీ పెదనాన్న స్కూటీ ఊరికే తుప్పు పడుతోంది, తీసుకుపో.

బట్టలు తీసి చూడు, సిగ్గుపడితే వాళ్లమ్మనే తీయమను. ముందు తుంటి. తుంటి వంకరగా ఉంటే పైన ఎంత సర్దినా వృథా. పడుకోబెట్టి కాళ్లు మడిచి చూడు, చేత్తో సర్దితే సర్దుకునే వంకరా, బిగుసుకుపోయిందా అని. సర్దుకునేదైతే కుర్చీతో నిలబెట్టొచ్చు, బిగుసుకున్నదాన్ని బలవంతంగా బెల్టేసి లాగితే పుండు పడుద్ది. పిరుదుల ఎముకల దగ్గరా వెన్ను చివరా ఎర్రగా ఉందేమో వేలితో నొక్కి చూడు. తుంటి వెడల్పు, పిరుదు నుంచి మోకాలి వెనక దాకా, మోకాలి నుంచి మడమ దాకా, ఇవన్నీ నువ్వు చదువుకున్నవే. నువ్వు చదవనిది గడప. తలుపు వెడల్పు కూడా కొలువు. మా రోజుల్లో ఒక కుర్చీ లోపలికి పట్టక ఏడాది పాటు చింతచెట్టు కింద ఉండింది, దాంట్లో కోడి పొదిగింది.

ఇంటికి పోగానే ఫారం తీయబాకు. టీ ఇస్తారు, వద్దనకు, మెల్లగా తాగు. గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఆ తల్లి పిల్లాణ్ణి ఒకసారైనా ఎత్తుద్ది. ఎక్కడ చెయ్యి వేసి ఎత్తుద్దో, దింపేటప్పుడు దేనికి ఆనిస్తుందో చూసుకో. ఆ తర్వాత పెన్ను తియ్యి.

మీ పెద్దమ్మ