జానెడు ఎత్తులో బతికే మడ: చిన్న దీవులపై మీ ప్రశ్నలు

ప్రశ్న: మారిషస్‌లో స్థిరపడిన మా బంధువుల యువజన సంఘం అక్కడి తీరంలో మడ మొక్కలు నాటింది. ఏడాది తిరక్కుండా దాదాపు అన్నీ పోయాయి. విత్తనంలో లోపమా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: విత్తనంలో కాదండీ, చోటులో. మడ నాటేవాళ్లు చాలామంది చేసే తప్పే ఇది. ఎవరి పట్టా భూమీ కాదు, అడ్డుపడేవాళ్లూ ఉండరు కదా అని సముద్రానికి ఎదురుగా ఉన్న ఖాళీ బురదలో నాటేస్తారు. అక్కడ మడ బతికేదే అయితే ఎప్పుడో తనంతట తానే మొలిచి ఉండేది. ఆటుకూ పోటుకూ మధ్య ఉన్న ఎత్తులో పై సగమే దాని చోటు. రోజులో మూడో వంతుకు మించి నీళ్లలో ఉంటే లేత మొక్క వేళ్లకు ఊపిరాడదు. మారిషస్‌లో ఆటుపోట్ల తేడా అర మీటరు అటూఇటూగానే ఉంటుంది. అంటే మొక్క నిలదొక్కుకునే పట్టీ ఎత్తు జానెడు!

ఆ జానెడు పట్టుకోవడానికి తాపీమేస్త్రీ దగ్గరుండే లెవెల్ పైపు చాలు. దగ్గర్లో ఏపుగా ఉన్న మడ తోపులో, సముద్రం వైపు చిట్టచివరి చెట్టు మొదట్లో నేల ఎత్తు గుర్తుపెట్టుకోండి. అదే ఎత్తు కొత్త చోట ఎక్కడొస్తుందో చూసి మేకు కొట్టండి. అంతకన్నా పల్లంలో ఒక్క మొక్క కూడా వద్దు. అక్కడ సముద్రపు గడ్డి ఉంటే అసలే వద్దు. చేపపిల్లలు పెరిగే గడ్డిని చంపి, బతకని మొక్కను నాటినట్టవుతుంది.

తర్వాత, అక్కడ మడ ఎందుకు లేదో కనుక్కోవాలి. చాలాచోట్ల తూము లేకుండా వేసిన రోడ్డు కట్టే కారణం. తూము పెట్టి పోటు నీరు వచ్చిపోయేలా చేస్తే ఒకటి రెండు కాపుల్లో విత్తనాలు వాటంతటవే కొట్టుకొచ్చి మొలుస్తాయి. అలా రాకపోతేనే నాటాలి.

మారిషస్‌లో ఉన్నవి రెండే రకాల మడలు. ఎక్కువగా కనిపించేది మనవాళ్లు ఉప్పు పొన్న అనే రకం. దాని మొలక మునక్కాయలా చెట్టుకే వేలాడుతుంది. పైన కాయ కింద మెడలా ఉండే పట్టీ పసుపురంగుకు తిరిగితే ముదిరినట్టు. చేత్తో మెల్లగా తిప్పితే ఊడిరావాలి, లాగాల్సి వస్తే వదిలేయండి. పురుగు తొలిచిన రంధ్రాలున్నవి పారేసి, మిగతావి నీడలో తడి గోనె కింద ఉంచి నాలుగైదు రోజుల్లోపు నాటాలి. మొన కిందికి వచ్చేలా పొడవులో మూడో వంతుకు మించకుండా గుచ్చండి, మొక్కకూ మొక్కకూ మీటరు ఎడం. కొన్ని నెలలకు కాండం నిండా రాళ్లకు పట్టే గుల్లలు అంటుకుంటే, చోటు మరీ పల్లమైందని అర్థం. గుల్లలు గీకుతూ కూర్చుంటే లాభం లేదు, పైకి జరగాల్సిందే. లెక్క కూడా నాటిన రోజు ఫొటోలో కాదు, మూడేళ్ల తర్వాత బతికున్నవాటితో చెప్పాలి.

అన్నట్టు, మారిషస్‌లో తెలుగువాళ్లను ‘కోరంగీలు’ అనేవారు. మడ అడవులకు పేరుపడ్డ మన కోరంగి రేవు నుంచి ఓడెక్కినందుకు వచ్చిన పేరది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో వెయ్యి అడుగులు వేసినా బోరు పడలేదు. మాల్దీవుల్లో ఆరడుగులకే నీళ్లట. మరి అక్కడ తాగునీటికి కటకట ఎందుకు?
– కూకట్‌పల్లి పాఠకుడు

జవాబు: ఆరడుగులకే పడతాయి, నిజమే. కానీ అది ఇసుకలో ఇంకిన వాన నీరు. ఉప్పునీరు బరువు కాబట్టి దాని మీద తేలుతూ పలచటి కటకంలా ఉంటుంది. లెక్క ప్రకారం సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరుంటే కింద నలభై అడుగులుండాలి. పగడపు సున్నపురాయి నిండా చిల్లులే కాబట్టి చిన్న దీవుల్లో అంత ఉండదు. ఒకేచోట గట్టి మోటారు పెట్టి లాగితే కింది ఉప్పునీరు శంకువులా పైకి లేస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి తేరుకోవాలంటే వానలు పడి కడిగేదాకా ఆగాల్సిందే. అందుకే లోతుకు పోకుండా నీటిమట్టానికి కాస్త దిగువన చిల్లుల పైపులు అడ్డంగా పరిచి, కొద్దికొద్దిగా తోడతారు. తీరం వెంబడి పొదలు కొట్టేసినా, ఇసుక తవ్వినా, గుంత మరుగుదొడ్లు దగ్గర్లో ఉన్నా ఈ నీరు పాడే.

రాజధాని మాలేలో ఈ నీరు ఎప్పుడో చెడిపోయింది. 2014 డిసెంబరులో అక్కడి ఉప్పునీటి శుద్ధి కేంద్రంలో మంటలు రేగితే, ఇండియా విమానాల్లో, నౌకల్లో నీళ్లు పంపాల్సి వచ్చింది. అలాంటి శుద్ధి కేంద్రం లేని దీవుల్లో ఇళ్లకు మిగిలేది వాన నీరే. 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే, కారుడూ ఆవిరీ పోను 800 లీటర్లు వస్తాయి. మొదటి మిల్లీమీటరు, అంటే దాదాపు 100 లీటర్లు, రెట్టలతో దుమ్ముతో వస్తుంది కాబట్టి వదిలేయాలి. ఐదుగురికి మనిషికి 20 లీటర్ల చొప్పున మూడు నెలల ఎండకు 9,000 లీటర్ల ట్యాంకు కావాలి.

ప్రశ్న: సీషెల్స్ ‘అప్పుకు బదులు సముద్రం’ ఒప్పందం అంటే అప్పు మాఫీయేనా?
– గ్రూప్స్ అభ్యర్థి, తార్నాక

జవాబు: మాఫీ కాదు, చేతులు మారడం. ది నేచర్ కన్జర్వెన్సీ అనే అమెరికా ప్రకృతి సంరక్షణ సంస్థ పూనుకుని 2 కోట్ల 16 లక్షల డాలర్ల విదేశీ అప్పును కొంత తగ్గింపుతో కొనిపించింది. ప్రభుత్వం ఇప్పుడు వాయిదాలు కట్టేది స్వదేశంలో పెట్టిన ట్రస్టుకు. అందులో కొంత సముద్ర సంరక్షణకు వెళ్తుంది. బదులుగా సీషెల్స్ 2020 మార్చి నాటికి తన సముద్రంలో 30 శాతాన్ని రక్షిత ప్రాంతం చేసింది. హెచ్‌ఎండీఏ మాస్టర్ ప్లాన్‌లో రంగురంగుల జోన్లుంటాయి చూడండి, సముద్రానికీ అలాంటి పటమే గీశారు. ఎక్కడ వేట పూర్తిగా వద్దు, ఎక్కడ షరతులతో కానివ్వొచ్చు అని. 2018లో తెచ్చిన కోటిన్నర డాలర్ల బ్లూ బాండ్, అంటే సముద్రం పనుల కోసం బాండ్లు అమ్మి తెచ్చిన కొత్త అప్పు, వేరు. పరీక్షలో ఈ రెండూ కలిపేస్తారు, జాగ్రత్త.

ప్రశ్న: హనీమూన్‌కు పసిఫిక్ సముద్రంలోని దీవుల దేశం పలావు వెళ్తున్నాం. సన్‌స్క్రీన్ పట్టుకెళ్లొచ్చా?
– హిమాయత్‌నగర్ జంట

జవాబు: ట్యూబు వెనక చూడండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవాటిని పలావు 2020 జనవరి 1 నుంచి నిషేధించింది. జాబితాలో ఇంకా కొన్ని రసాయనాలున్నాయి కాబట్టి జింక్ ఆక్సైడ్ రకం తీసుకోండి. అంతకన్నా నిండు చేతుల ఈత చొక్కా మేలు, రాసుకునే అవసరమే సగం తగ్గుతుంది. దిగగానే పాస్‌పోర్టు మీద ఒక ప్రతిజ్ఞ ముద్ర వేస్తారు, దాని కింద సంతకం పెట్టాలి. నీళ్లలో అలసిపోతే వెల్లకిలా తేలండి, పగడం మీద మాత్రం నిలబడొద్దు. బండ పగడం ఏడాదికి పెరిగేది ఒక సెంటీమీటరే.