టర్బులెన్స్‌లో ప్రయాణికుల కంటే కేబిన్ క్రూకే ఎక్కువ దెబ్బలు ఎందుకు?

"అంత శిక్షణ ఉన్నా వాళ్లకే ఎందుకు?" అని అడిగారు. కేబిన్ క్రూగా పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. టర్బులెన్స్ అంటే గాలి అలజడికి విమానం కుదుపులకు లోనవడం, ఆ కుదుపులో మనిషిని ఆపేది బెల్టు. ఆ సమయానికి మేం నిలబడి ఉంటాం. అమెరికా రవాణా భద్రతా బోర్డు ఎన్‌టీఎస్‌బీ 2021 అధ్యయనం ప్రకారం, 2009–2018 మధ్య అక్కడి ఎయిర్‌లైన్స్ టర్బులెన్స్ ప్రమాదాల్లో తీవ్రంగా గాయపడినవాళ్లలో దాదాపు 79 శాతం ఫ్లైట్ అటెండెంట్లే.

అందులోనూ వెనక గ్యాలీలో, అంటే విమానం వంటగదిలో, ఉన్నవాళ్ల పని మరీ కష్టం, తోక వైపు ఊపు ఎక్కువ. నాతో పనిచేసిన ఒకావిడకి అక్కడే చీలమండ విరిగింది. విమానం కిందికి దిగుతోంది, ఆవిడ ఖాళీ కప్పులు ఏరి కార్ట్‌లో సర్దుతోంది. ఒక్కసారిగా పాదాలు నేల వదిలాయి. చాలామంది తల పైకప్పుకి తగలడమే ప్రమాదం అనుకుంటారు. కిందపడటమూ తక్కువేం కాదు. మనం దిగేసరికి నేల ఎదురొస్తుంది, బరువంతా మడమల మీదా వెన్ను మీదా పడుతుంది. ఆ రోజు కార్ట్ బ్రేక్ వేసి ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే అది కూడా ఆవిడ మీదకే వచ్చేది.

"ముందే తెలియదా?" అంటే, మబ్బుల్లో ఉన్న వాననీరు వాతావరణ రాడార్‌కి కనిపిస్తుంది. నిర్మలమైన ఆకాశంలో వచ్చే కుదుపు కనిపించదు. తెలిసినా టైమ్ చాలదు. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానంలో, బెల్టు సైన్ వేశామని పైలట్ అన్న 8 సెకన్లకే పెద్ద కుదుపు వచ్చిందని ప్రాథమిక నివేదిక చెప్పింది. ఒక ప్రయాణికుడు చనిపోయారు. 8 సెకన్లలో వేడి కాఫీ కూజా ఎక్కడో భద్రంగా పెట్టి, కార్ట్‌కి బ్రేక్ తొక్కి, జంప్‌సీట్ (మా మడత సీటు) దాకా వెళ్లి బెల్టు పెట్టుకోవాలా? నడవా మధ్యలో ఉంటే కుదిరే పని కాదు. అందుకే దగ్గర్లో ఏ సీటు ఖాళీ ఉంటే అందులో కూలబడమనీ, అదీ లేకపోతే నేల మీదే కూర్చుని సీటు కాళ్లు పట్టుకోమనీ మాకు నేర్పేవారు.

నన్నడిగితే అసలు చిక్కు సర్వీసు షెడ్యూల్‌లోనే ఉంది. సైన్ వెలుగుతున్నా ట్రేలు పంచుతూ ఉండాల్సి వచ్చేది, ఆపితే ఫిర్యాదులు. ఇప్పుడు కొంత మారింది. ఆ ఘటన తర్వాత సింగపూర్ ఎయిర్‌లైన్స్ సైన్ వెలిగితే భోజనాల సర్వీసు కూడా ఆపేస్తామంది. కొరియన్ ఎయిర్ ల్యాండింగ్‌కి 40 నిమిషాల ముందే సర్వీసు ముగిస్తోంది, అంతకుముందు 20 నిమిషాలు ఉండేది.

మీరు చేయగలిగింది చిన్నదే. సైన్ వెలిగాక నీళ్ల కోసం కాల్ బటన్ నొక్కకండి. మాలో ఎవరైనా మీ పక్క సీట్లోకి చొరబడితే, దాని మీదున్న బ్యాగ్ తీసేయండి.