కొత్త టీచరమ్మ తరగతి గదికి ఏం కొనాలి?

ప్రశ్న: మా అమ్మాయి డీఎస్సీలో ఎస్జీటీగా ఎంపికై, కోనసీమలోని ఒక లంక గ్రామంలో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో చేరింది. ఒకటి, రెండు తరగతులు కలిపి 24 మంది పిల్లలను తనకు అప్పగించారు. రోజూ పంటు మీద గోదావరి దాటి వెళ్లాలి. మొదటి ఉద్యోగం కనుక తన గదికి కావలసిన సామాను నేనూ వాళ్ల నాన్నగారూ కొని ఇద్దామనుకుంటున్నాం. 3,000 రూపాయల వరకు పెట్టగలం. రాజమండ్రిలో మెరుపు కాగితాల తోరణాలు, రంగుల చార్టులు ఒక సెట్టు ఇప్పటికే తెచ్చాను. గది కళకళలాడాలి, సామాను పనికీ రావాలి. ఇంకేం కొనమంటారు?
— ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: అమ్మా, మీ ఇద్దరి ఆలోచన నాకు ఎంతో సంతోషం కలిగించింది. అయితే మిగిలిన డబ్బును రెండు వారాల పాటు అలాగే ఉంచండి. మీ అమ్మాయి పిల్లలతో పది రోజులు గడిపితే, గదిలో మేకులు ఎక్కడున్నాయో, వాన జల్లు ఏ కిటికీ నుంచి కొడుతుందో, బడిలో ఇప్పటికే ఏమున్నాయో తనకే తెలుస్తుంది. సంచులు, బూట్లు ప్రభుత్వ కిట్లలో వస్తాయి కాబట్టి వాటి జోలికి వెళ్లవద్దు. ఏం తీసుకువెళ్లినా ముందుగా ప్రధానోపాధ్యాయులకు ఒక మాట చెప్పమనండి.

నా అభిప్రాయంలో మొదట కొనవలసినది గట్టి మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా. మన డెల్టా గాలిలోని తేమకు కాగితం మెత్తబడి చుట్టుకుపోతుంది, మైదాపిండితో అంటించిన చార్టుల వెనుక బొద్దింకలు చేరతాయి, సుద్దముక్కలు చెమ్మగిల్లి బోర్డు మీద జారిపోతాయి. పైగా లంకల్లోకి వరద నీరు వచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి, సామానంతా ఒకే డబ్బాలో ఉంటే వానాకాలంలో దాన్ని బీరువా మీదికి ఎత్తి పెట్టడం ఒక్క నిమిషం పని. పంటు మీద మోసుకువెళ్లడానికి కూడా అదే వీలు. సుద్దముక్కలు కొనేటప్పుడు డస్ట్‌లెస్ రకం అడగండి. వాటి పొడి బరువుగా ఉండి త్వరగా కింద పడుతుంది కనుక, రోజంతా బోర్డు దగ్గర నిలబడే మీ అమ్మాయి గొంతుకూ ముందు వరుసలో కూర్చునే పిల్లలకూ ఇబ్బంది తక్కువ.

లెక్కల సామానుకు మాత్రం రూపాయి కూడా ఖర్చు పెట్టవద్దు, అది మీ పెరట్లోనే ఉంది. ఎండిన కొబ్బరాకుల ఈనెలు తీసి, కడిగి, ఎండబెట్టి, మొనలు కత్తిరించి జానెడు పొడవున ముక్కలు చేయండి. పదేసి ఈనెలకు ఒక్కో రబ్బరు బ్యాండు వేసి పది కట్టలు కట్టండి, మరో ఇరవై విడిగా ఉంచండి. రెండో తరగతి పిల్లవాడిని 34 తెమ్మంటే మూడు కట్టలూ నాలుగు పుల్లలూ తెస్తాడు. అందులోంచి 7 ఇమ్మంటే విడి పుల్లలు చాలవు, కాసేపు చూసి, తానే ఒక కట్టకు రబ్బరు బ్యాండు తీసి విప్పుతాడు. బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా పట్టుబడని ‘అప్పు తెచ్చుకోవడం’ అనే మాట అప్పుడు వాడి వేళ్లకు అర్థమవుతుంది. ఇటువంటి కట్టలు పిల్లలు ఇద్దరికి ఒక జత చొప్పున ఉంటే ఇంకా మంచిది, సెలవు రోజున మీ ఇంటిల్లిపాదీ కూర్చుంటే అయిపోతుంది. ఒకటో తరగతి వారి లెక్కింపుకు ఒక డబ్బాడు చింతపిక్కలు చాలు.

అక్షరాలకు ఉప్పుకాగితం తీసుకోండి. అక్షరాలను పెద్దవిగా కత్తిరించి అట్టముక్కలకు అంటిస్తే, పిల్లలు గరుకు మీద వేలు పోనిస్తూ ‘అ’ ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో తెలుసుకుంటారు. మాంటిస్సోరీ పద్ధతిలో ఇది పేరుపొందిన సాధనం. మొదటి పదాల కార్డులు కొనే బదులు పడవ, వల, అరటి, కొబ్బరి వంటి ఊరి మాటలతో అమ్మాయినే రాయమనండి.

ఒక వెయ్యి రూపాయలైనా కథల పుస్తకాలకు కేటాయించండి, ఇందులో పొదుపు చేయవద్దని నా విన్నపం. నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్, మంచి పుస్తకం వంటి సంస్థలు పెద్ద బొమ్మలూ తక్కువ మాటలూ ఉన్న తెలుగు పుస్తకాలను అందుబాటు ధరల్లో ప్రచురిస్తున్నాయి. 2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవగలగాలని కోరుతోంది. బీరువాలో తాళం వేసిన పుస్తకంతో అది జరగదు. కిటికీ లేని గోడకు పిల్లల చేతికందే ఎత్తులో ఒక కొబ్బరి తాడు కట్టి, పుస్తకాలను నడిమికి తెరిచి వేలాడదీయమనండి. చిరిగితే చిరగనివ్వండి, అంటించుకోవచ్చు.

దాని పక్కనే రెండో తాడు, రెండు డజన్ల బట్టల క్లిప్పులు పెట్టించండి. ప్రతి క్లిప్పు మీద ఒక్కో పిల్ల పేరు రాసి, ఆ వారం ఆ పిల్ల గీసిన బొమ్మను దానికి తగిలించాలి. మీరు కోరిన కళ గదికి అక్కడే వస్తుంది. తన పేరున్న క్లిప్పు ఖాళీగా ఉందని చూసుకున్న బిడ్డ మరునాడు బడి మానదు. ఇందుకు లావుపాటి క్రేయాన్లు కొనండి, సన్నవి మొదటి వారంలోనే విరిగిపోతాయి.

చిన్నవాటిలో ఒక అద్దం, దువ్వెన, సబ్బు, దూది, గాయాల మందు, పిన్నీసులు, సూదీ దారం ఉంచండి. గుండీ ఊడిన చొక్కాను ఒక చేత్తో పట్టుకుని కూర్చున్న పిల్లవాడు రెండో చేత్తో పలక సరిగా పట్టుకోలేడు, అది కుట్టించుకున్న తరువాతే వాడి మనసు పాఠం మీదికి వస్తుంది.

తెచ్చిన చార్టుల్లో అక్షరాలు పెద్దవిగా, తప్పులు లేకుండా ఉన్నవి రెండింటిని గోడకు ఉంచి, మిగిలినవి పాఠం వచ్చినప్పుడు ఒక్కొక్కటిగా బయటికి తీయమనండి. తోరణాలను ఆ డబ్బా అడుగున భద్రపరచండి, ఆగస్టు 15న జెండా కర్ర దగ్గర కట్టడానికి పిల్లలే పోటీ పడతారు.