లారాతో గొడవ పడుతున్న అల్లుడికి

చిన్నా,

లారా అనే అమ్మాయి పాత గుహల్లో, గుళ్లలో తిరిగే వీడియో గేమ్ టూంబ్ రైడర్ ఉంది కదా, దాని మొదటి మూడు భాగాల రీమాస్టర్ (పాత ఆటకి కొత్త మెరుగులు దిద్దిన వెర్షన్) కొని, కాసేపటికే విసుగొచ్చి పక్కన పడేశావని మీ అమ్మ చెప్పింది. ఆప్షన్స్‌లో టాంక్, మోడర్న్ అని రెండు కంట్రోల్స్ ఉంటాయి కదా, అందులో టాంకే పెట్టుకో.

1996లో మొదటి భాగం వచ్చేనాటికి ప్లేస్టేషన్ కంట్రోలర్‌కి బొటనవేలితో ఎటైనా తోసే అనలాగ్ స్టిక్కులు లేవు, బాణం బటన్లతోనే ఆడాలి. టాంక్ అంటే ఆ పద్ధతే: పైబాణం నొక్కితే లారా ముఖం ఎటుంటే అటే వెళ్తుంది. ఎడమ, కుడి నొక్కితే ఉన్నచోటే తిరుగుతుంది. కెమెరా ఎటు చూసినా దానికి సంబంధం లేదు. మోడర్న్‌లో అయితే స్టిక్ ఎటు తోస్తే, కెమెరా చూపు లెక్కన అటు వెళ్తుంది. కొత్తలో చిరాకు పుడుతుంది, నిజమే. కానీ ఆ గుహలూ గుళ్లూ అన్నీ చదరపు గళ్ల లెక్కన కట్టారు, లారా దూకే దూరాన్నీ ఆ లెక్కకే కుదిర్చారు.

ఒకసారి ఇలా చేసి చూడు. వాక్ బటన్ పట్టుకుని గట్టు చివరిదాకా నడిపించు. అది పట్టుకున్నంతసేపూ లారా కింద పడదు. చివర ఆగాక వాక్ వదిలేసి వెనక బాణం ఒక్కసారి నొక్కు, ఒక గెంతు వెనక్కి వేస్తుంది. ఇక ముందుకి పరిగెత్తిస్తూ వెంటనే జంప్ నొక్కి పట్టుకో. సరిగ్గా అంచు మీదే కాలు పెట్టి లేస్తుంది. గాల్లో ఉండగా యాక్షన్ పట్టుకుంటే అవతలి గట్టు చేతికందుతుంది. కంటి అంచనాతో పనే లేదు. మోడర్న్‌లో స్టిక్ కాస్త పక్కకి జరిగిందా, గెంతు వంకర పోతుంది.

రెసిడెంట్ ఈవిల్ అనే భయపెట్టే ఆట పాత భాగాల్లో టాంక్‌కి ఇంకో లాభం ఉంది. అక్కడ కెమెరా గోడకి కొట్టినట్టు ఒకేచోట ఉండి, నువ్వు నాలుగడుగులు వేయగానే ఇంకో మూలకి మారిపోతుంది. అయినా పైబాణం అంటే ముందుకే కాబట్టి పరుగు ఆగదు.

కష్టమల్లా జంతువులు మీద పడ్డప్పుడే. టూంబ్ రైడర్ మొదటి భాగంలో మొదటి లెవెల్లోనే తోడేళ్లొస్తాయి. లారా తాపీగా తిరిగేలోపు అవి కరిచేస్తాయి. అప్పుడు బాణాలతో తిప్పుతూ కూర్చోకు, రోల్ నొక్కు, ఒక్క దెబ్బకి వెనక్కి తిరుగుతుంది. తుపాకీ గురి లారాయే చూసుకుంటుంది, నువ్వు పక్కకి దూకుతూ కాలుస్తూ ఉండు. ఇరుకు మూలల్లో కెమెరా పెట్టే తిప్పలకి మాత్రం నా దగ్గరా మందు లేదు. పాతవన్నీ గొప్పవనే మా కాలంవాళ్ల మాట నమ్మకు, ఆ కెమెరా అప్పుడూ దరిద్రంగానే ఉండేది.

ముందు ఆటలోనే ప్రాక్టీస్ కోసం ఇచ్చిన లారా ఇంట్లో ప్రాక్టీస్ చెయ్యి, అక్కడ చచ్చే టెన్షన్ ఉండదు. అసలు ఆటలో పెద్ద గెంతు ముందల్లా సేవ్ చేసుకో. మొదటి భాగం ఐదో లెవెల్, సెయింట్ ఫ్రాన్సిస్ ఫాలీలో, బావిలాంటి లోతైన గది వస్తుంది. గట్టు మీంచి గట్టు మీదకి దూకుతూ అడుగుదాకా దిగాలి. అది దిగాక కూడా టాంక్ నచ్చకపోతే మోడర్న్‌కి మార్చేసుకో, నేనేమీ అనను.

మీ మామయ్య